1871 నాటి బొగ్గు బొమ్మ: ఆ ముఖంలో మనిషి ఎంత, హోదా ఎంత?

తంగసాల మనవడు:

అందరికీ నమస్కారం. మాది చెన్నైలో జార్జిటౌను, ఐదు తరాలుగా ఇక్కడే. మా పెద్దనాన్నగారి ఇంటి నడవలో ఒక పాత పటం ఉంది, మా తాతగారి తాతగారిది. ఫోటో కాదు, చేత్తో గీసిన బొమ్మ. బొగ్గుతోనో నల్ల చాక్‌తోనో వేసినట్టుంది, రెండడుగుల ఎత్తు ఉంటుంది. కింద ఎడమ మూల 1871 అని అంకెలు ఉన్నాయి, సంతకం లేదు.

బొమ్మలో ఆయన కుర్చీలో కూర్చుని ఉంటారు, మోకాళ్ళ దాకా కనిపిస్తుంది. మెడ దాకా బొత్తాలు పెట్టిన పొడుగు కోటు, నల్లటి తలపాగా, ఎడమ భుజం మీద అంచున్న శాలువా, రెండు చెవులకీ రాళ్ళ పోగులు, వేలికి ఉంగరం. కుడిచెయ్యి పక్కన బల్ల మీదున్న లావుపాటి పుస్తకం మీద పెట్టి ఉంటుంది. నుదుటి మీద ఒకే ఒక నల్లటి నిలువు గీత. ముఖం మాత్రం చాలా కఠినంగా, పెదవులు బిగించి, సూటిగా మనల్నే చూస్తున్నట్టు ఉంటుంది. చిన్నప్పుడు రాత్రిపూట ఆ నడవలోంచి ఒంటరిగా వెళ్ళాలంటే పిల్లలందరికీ భయమే.

ఇప్పుడు పెద్దనాన్నగారి సహస్ర చంద్రదర్శనానికి ఇంటి చరిత్ర చిన్న పుస్తకంగా వేయిస్తున్నాం, రాసే పని నా మీద పడింది. బొమ్మలో ఉన్న ఆయన గురించి మా మేనత్త అన్నది, "అహంకారి, ఎవరినీ లెక్కచేసేవాడు కాదు, ఆ ముఖమే చెబుతోంది కదరా" అని. బాబాయి అన్నది, "పెద్ద దుబాసి, బాగా చదువుకున్నవాడు, పుస్తకం మీద చెయ్యి చూడు" అని. ఇంకొక పెద్దాయన ఆ నల్ల గీత చూపించి మనం మొదట మాధ్వులం, తర్వాతే నామాలవాళ్ళమయ్యాం అంటున్నారు. మూడు మాటలకీ ఆ బొమ్మ తప్ప వేరే ఆధారం లేదు. ఒక్క బొమ్మ చూసి మనిషి స్వభావం, హోదా ఇంత గట్టిగా చెప్పచ్చా? చెప్పగలిగితే ఏం చూసి చెప్పాలి?

ముఖలక్షణం:

చెప్పచ్చండీ. సాముద్రికం మనకు ఊరికే పుట్టలేదు. మీరు వర్ణించిన దాన్ని బట్టే చూసినా పెదవులు బిగించినవాడు మాట మీద నిలబడేవాడు, సూటిచూపు ఉన్నవాడు ఎవరికీ తల వంచనివాడు. మీ మేనత్తగారు దాన్నే అహంకారం అంటున్నారు, నేను ఆత్మగౌరవం అంటాను. నుదురు విశాలంగా ఉందో లేదో మీరు రాయలేదు. ఉంటే విద్య కూడా ఉన్నట్టే. మా తాతగారు పెళ్ళి సంబంధాలకు ఫోటోలు చూసి చెప్పేవారు, ఆయన చెప్పింది తప్పడం నేను చూడలేదు.

పెన్సిల్ ముక్క:

నేను పెరంబూరులో పిల్లలకు డ్రాయింగ్ చెబుతాను, ముప్పై ఏళ్ళుగా మనుషుల ముఖాలు గీస్తున్నాను. పైన రాసినవారి మాట కొట్టిపారేయడం లేదు కానీ ఒక్క విషయం ఆలోచించండి. సాముద్రికం చెప్పేవాడు ఎదురుగా కూర్చున్న మనిషిని చూస్తాడు. మనం చూస్తున్నది ఇంకొకడు గీసిన గీతల్ని. ఆ గీసినవాడికీ కొన్ని నమ్మకాలు ఉంటాయి. యూరప్‌లో కూడా లావాటర్ అనే ఆయన 1775 నుంచి 1778 దాకా ముఖలక్షణాల మీద పెద్ద పెద్ద సంపుటాలు వేశాడు, తర్వాత గాల్ అనే వైద్యుడు పుర్రె మీది ఎత్తుపల్లాలను బట్టి గుణాలు చెప్పచ్చన్నాడు. పంతొమ్మిదో శతాబ్దంలో ముఖాలు గీసినవాళ్ళలో చాలామందికి ఈ మాటలు తెలుసు. విద్వాంసుడంటే నుదురు పెద్దదిగా ఉండాలని నమ్మే రోజుల్లో చిత్రకారుడు నుదురు కాస్త పెంచి గీస్తే, దాన్ని చూసి మనం ఇవాళ "ఆహా, విద్వాంసుడు" అంటే, మనం చదివింది మనిషినా, గీసినవాడి నమ్మకాన్నా?

నాకు ఈ విషయంలో కళ్ళు తెరిపించినవి పగనీని బొమ్మలు. ఇటలీ వాయులీన విద్వాంసుడు, దయ్యంతో ఒప్పందం చేసుకున్నాడని జనం చెప్పుకునేంత పేరు. 1819లో ఆంగ్ర్ అనే ఫ్రెంచి చిత్రకారుడు రోములో ఆయన్ని పెన్సిల్‌తో గీశాడు, ఆ బొమ్మ పారిస్‌లో లూవ్ర్ మ్యూజియంలో ఉంది. అందులో పగనీని చక్కగా దువ్వుకున్న జుట్టుతో, చంకలో వాయులీనంతో, ఎవరింటికైనా భోజనానికి వెళ్ళబోతున్న పెద్దమనిషిలా ప్రశాంతంగా ఉంటాడు. అదే మనిషిని 1831లో డెలక్రా అనే ఇంకో ఫ్రెంచి చిత్రకారుడు రంగుల్లో వేశాడు. ఆ బొమ్మలో సన్నగా, నల్లగా, వంకరగా, చీకట్లో వాయించుకుంటూ ఒళ్ళు మరిచిపోయిన మనిషి కనిపిస్తాడు. మధ్యలో పన్నెండేళ్ళు గడిచాయి, ఆయన ఆరోగ్యం పాడైంది, అది నిజమే. కానీ అంత తేడా వయసు వల్ల వచ్చింది కాదు. ఒకాయన మర్యాదను చూశాడు, ఇంకొకాయన ఆవేశాన్ని చూశాడు. రెండూ అబద్ధం కావు, ఏ ఒక్కటీ పూర్తి మనిషి కూడా కాదు.

ఆంగ్ర్ దగ్గరే ఇంకో సంగతి నేర్చుకోవచ్చు. 1815లో నెపోలియన్ పడిపోయాక రోములో ఆయనకు పనులిచ్చే ఫ్రెంచివాళ్ళు వెళ్ళిపోయారు, ఊరు చూడటానికి వచ్చిన ఇంగ్లీషువాళ్ళ బొమ్మలు పెన్సిల్‌తో గీసి బతికాడు. ఆ బొమ్మల్లో ముఖం మాత్రం కనురెప్ప దాకా పూర్తిగా తీర్చి, కోటూ గౌనూ నాలుగైదు గీతలతో తేల్చేసేవాడు. అందుకని బొమ్మ చూసేటప్పుడు ముందు నేను చూసేది చెయ్యి ఎక్కడ ఎక్కువసేపు ఆగింది, ఎక్కడ తొందరపడింది అన్నది. మీ బొమ్మలో ముఖం ఒక రకంగా, శాలువా అంచూ పోగులూ ఇంకో రకంగా శ్రద్ధగా ఉన్నాయా? బట్టల మీద ముఖం కంటే ఎక్కువ కష్టపడి ఉంటే అది హోదా కోసం వేయించిన బొమ్మ. ముఖం మీదే పని ఉండి బట్టలు తేలిగ్గా ఉంటే మనిషి మీద మక్కువతో వేసినది. చేతివేళ్ళు కూడా చూడండి. ఎదురుగా మనిషిని కూర్చోబెట్టి గీసిన చెయ్యికీ, ఊహించి గీసిన చెయ్యికీ తేడా మామూలు కంటికే తెలిసిపోతుంది.

ఇంకో మాట, మన ఊళ్ళో 1850లోనే డాక్టర్ హంటర్ చిత్రకళ పాఠశాల పెట్టాడు, ఇప్పుడు పూనమల్లి హైరోడ్డులో ఉన్న ఫైన్ ఆర్ట్స్ కాలేజీ అదే. అంటే 1871 నాటికి ఇంగ్లీషు పద్ధతిలో షేడింగ్ నేర్చుకున్న మనవాళ్ళు రెండు దశాబ్దాలుగా తయారవుతున్నారు. సంతకం లేదు కాబట్టి దొర గీశాడని గానీ, మనవాడు గీశాడని గానీ అనుకోకండి.

వెండి ఉప్పు:

నాది పాత ఫోటోలు బాగుచేసే పని. మీ వర్ణన చదవగానే నాకు అనుమానం వచ్చింది, అది మనిషిని చూసి గీసింది కాదేమో, చిన్న ఫోటో చూసి పెద్దది చేసిందేమో అని. 1854లో పారిస్‌లో డిస్డేరి అనే ఆయన చిన్న కార్డు ఫోటోకు పేటెంటు తీసుకున్నాడు, అరచేతిలో పట్టేంత కార్డు, ఆ తర్వాత పదేళ్ళలో ప్రపంచమంతా పాకింది. దాన్ని గోడకు తగిలించుకోలేం కదా, అందుకని గళ్ళు గీసి పెద్ద కాగితం మీదికి ఎక్కించి బొగ్గుతో దిద్దేవాళ్ళు. కొన్నిచోట్ల ఫోటోనే లేతగా పెద్ద కాగితం మీద ముద్రించి దాని మీద చాక్ పూసేవాళ్ళు. కుర్చీ, పక్కన బల్ల, బల్ల మీద లావు పుస్తకం, ఇవన్నీ స్టూడియో సామాన్లే. ఆ పుస్తకం మీద చదువు రానివాళ్ళు కూడా చెయ్యి పెట్టి కూర్చున్నారు. కాబట్టి మీ బాబాయిగారి ఆధారం నిలబడదు, క్షమించాలి.

ముఖం కఠినంగా ఉండటానికి కూడా కారణం ఉంది. అప్పటి తడి ప్లేటు పద్ధతిలో, అంటే అద్దం పలకకు మందు పూసి తడి ఆరకముందే ఫోటో తీసే పద్ధతిలో, కొన్ని సెకన్లు కదలకుండా కూర్చోవాలి, తల ఊగకుండా వెనక ఇనుప పట్టీ ఆనించేవాళ్ళు. ఎండ కోసం పైన అద్దాల కప్పు ఉన్న గదిలో, మెడ దాకా బొత్తాలు పెట్టుకుని, కళ్ళు ఆర్పకుండా ఉండమంటే ఎవరి ముఖమైనా అలాగే బిగుసుకుంటుంది. మా ఇంట్లో ఒక పాత ఫోటోలో మూడేళ్ళ పిల్ల కూడా జడ్జిలా ఉంటుంది.

నల్ల గీత సంగతి నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించింది, పుస్తకంలో రాసేముందు దయచేసి ఇది చూడండి. ఆ కాలపు ప్లేట్లకు నీలం రంగు మాత్రమే బాగా అందేది, ఎరుపూ పసుపూ అందేవి కావు. దాంతో నీలం బట్ట తెల్లగా పడుతుంది, ఎర్రది నల్లగా పడుతుంది. మన ఒంటి చాయలో ఎరుపూ పసుపూ ఎక్కువ కాబట్టి ఉన్నదానికంటే నల్లగా, ముడతలు ఇంకా లోతుగా కనిపిస్తాయి. అంటే నామాలవాళ్ళు శ్రీచూర్ణంతో దిద్దుకునే ఎర్రటి గీత ఫోటోలో అచ్చం మాధ్వులు బొగ్గుతో పెట్టుకునే అంగారంలా నల్లగా వస్తుంది. ఆ ఫోటో చూసి గీసినవాడు దాన్ని నల్లగానే దిద్దుతాడు. మీ తాతగారి తలపాగా కూడా నిజంగా నలుపో, ఎరుపో చెప్పలేం. ఇదంతా ఆ బొమ్మ ఫోటో చూసి గీసిందయితేనే. ఫ్రేమ్ విప్పించి, ఏటవాలుగా టార్చి లైటు వేసి, భూతద్దంతో శాలువా దగ్గరా, కుర్చీ పక్కన ఖాళీ దగ్గరా చూడండి. గళ్ళ గీతలు చెరిపినా జాడ మిగులుతుంది. విప్పేటప్పుడు జాగ్రత్త, బొగ్గు మీద గుడ్డ పెట్టి తుడవకండి, వేలు కూడా తగలనివ్వకండి.

ముఖలక్షణం:

ఇనుప పట్టీ సంగతి నాకు తెలియదు. పెదవుల గురించి నేనన్నది వెనక్కి తీసుకుంటున్నాను. చూపు గురించి మాత్రం తీసుకోలేను.

పాత దస్తావేజు:

ఆలస్యంగా చూశాను. నేను మద్రాసు వ్యాపారుల చరిత్ర చదువుకున్నదాన్ని, మైలాపూరులో ఉంటాను. దుబాసి అన్న మాట గురించి రెండు ముక్కలు చెబుతాను. ఈస్టిండియా కుంపినీ రోజుల్లో దుబాసి అంటే రెండు భాషల మధ్య నిలబడి బేరం చేసేవాడు, అప్పు పుట్టించేవాడు, దొర ఇంటి లెక్కలు చూసేవాడు. కొందరు లక్షలు గడించి గుళ్ళకూ సత్రాలకూ రాసిచ్చారు. కానీ 1813లో కుంపినీకి హిందూదేశపు వర్తకం మీద గుత్తాధికారం పోయింది, 1833 చట్టంతో వ్యాపారమే ఆగింది, 1858లో పాలన కూడా రాణి చేతికి పోయింది. 1871 నాటికి దుబాసి అనే పేరు వర్తక సంస్థల్లో మధ్యవర్తిగా ఉండేవాళ్ళకు మిగిలింది, అది గౌరవమైన పనే, కానీ పాత దుబాసీల ఐశ్వర్యం అని దానికి అర్థం కాదు. మీ బాబాయిగారు ఏ దుబాసిని ఊహించుకుంటున్నారో అడగండి.

హోదా చూడాలంటే నేనైతే పాదాల కోసం వెతుకుతాను. మీ బొమ్మ మోకాళ్ళ దగ్గరే ఆగిపోయింది, అది నాకు బాధగా ఉంది. ఎందుకంటే దొరల ముందు మనవాళ్ళు చెప్పులు విప్పాలా వద్దా అన్నది ఆ కాలంలో పెద్ద గొడవ. 1854లో గవర్నర్ జనరల్ ఒక తీర్మానం చేశాడు, దర్బారుల్లో ఇంగ్లీషు తరహా బూట్లు వేసుకున్న మనవాళ్ళు విప్పనక్కర్లేదని. మన జోళ్ళు వేసుకుంటే మాత్రం విప్పాలి. కుర్చీ కూడా అంతే, ఎవరి ఎదుట ఎవరు కూర్చోవచ్చు అన్నదాన్ని బట్టి మనిషి స్థాయి తెలిసేది. స్టూడియోలో మాత్రం డబ్బిచ్చిన ప్రతివాడికీ కుర్చీ ఉంది. కచేరీలో నిలబడాల్సిన మనిషి అక్కడ దర్జాగా కూర్చుని బొమ్మ దింపించుకున్నాడంటే అందులో ఒక కోరిక కనిపిస్తుంది నాకు, దాన్ని తక్కువ చేసి చూడలేను.

నిలబడటం అంటే గుర్తొచ్చింది, 1816లో థామస్ హికీ ఇక్కడే, సర్వే చేయిస్తూ మన పాత చరిత్ర సేకరించిన కర్నల్ మెకంజీ బొమ్మ వేశాడు, ఇప్పుడు లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. ఎర్రకోటులో మెకంజీ, చుట్టూ ముగ్గురు మనవాళ్ళు, ఒకరి చేతిలో దుర్భిణి, ఒకరి చేతిలో తాటాకులు. వాళ్ళలో ఒకరు కావలి లక్ష్మయ్య అని చాలామంది చెబుతారు. మెకంజీ కోసం ఊరూరా తిరిగి శాసనాలూ, కైఫీయతులనే ఊళ్ళ చరిత్రలూ పోగుచేయించిన మన తెలుగువాడు ఆయన. తెలియనివాడు చూస్తే ఎర్రకోటు దొరా, పక్కన పనివాళ్ళూ అనుకుంటాడు. ఎవరి చదువు లేకపోతే ఆ పని సాగదో ఆ బొమ్మ చెప్పదు. అందుకే బొమ్మ పక్కన కాగితం కూడా పెట్టి చదవాలంటాను.

కాగితం అంటే మీకు ఇంట్లోనే దొరుకుతుంది. ఆ 1871 బొమ్మ గీసిన ఏడాది అని మీకెవరు చెప్పారు? మూల అంకెలు మాత్రమే ఉన్నాయన్నారు. మీ ఇంట్లో తద్దినాల పుస్తకం ఉంటే అందులో ఆయన పోయిన సంవత్సరం, మాసం, తిథి ఉంటాయి. సంవత్సరం పేరు ప్రజోత్పత్తి అయితే నాకు చెప్పండి.

తంగసాల మనవడు:

వారం రోజులు పట్టింది, క్షమించాలి. అందరికీ ఒక్కసారే రాస్తున్నాను, కొంచెం పొడుగవుతుంది.

పెద్దనాన్నగారిని ఒప్పించి సౌకార్‌పేటలో ఫ్రేములు కట్టే పెద్దాయన్ని ఇంటికే పిలిపించి విప్పించాను. ఆయన వెనక అట్ట మేకులు ఒక్కొక్కటే లాగుతుంటే మా మేనత్త పక్కనే కూర్చుని చూస్తూ ఉంది. టార్చి వేయగానే కుర్చీ వెనక ఖాళీలో, శాలువా మడతల కింద, అంగుళం అంగుళానికి సన్నటి గళ్ళు కనిపించాయి. కాబట్టి వెండి ఉప్పు గారి మాటే నిజం, ఏదో చిన్న ఫోటో చూసి పెద్దది చేసినదే. ఆ ఫోటో మా దగ్గర లేదు, ఉన్నట్టు కూడా ఎవరికీ గుర్తులేదు.

పెన్సిల్ ముక్క గారు చెప్పినట్టు చేతివేళ్ళు చూశాను. పుస్తకం మీది చేతికి కణుపులు లేవు, అరటిపళ్ళలా ఉన్నాయి. ముఖం మాత్రం నున్నగా, ఎక్కడ నీడ మొదలైందో ఎక్కడ ఆగిందో తెలియనంత బాగా తీర్చారు. శాలువా అంచు మొదట కొంత మేర శ్రద్ధగా గీసి తర్వాత వదిలేశారు.

తద్దినాల పుస్తకం మా పెద్దమ్మ పూజగది బీరువాలోంచి తీసి ఇచ్చింది. ఆయన పేరు ఎదురుగా ప్రజోత్పత్తి సంవత్సరం, కార్తిక బహుళ ఏకాదశి అని ఉంది. పాత దస్తావేజు గారూ, మీరు ఆ సంవత్సరం పేరు రాసినప్పుడు నాకు అర్థం కాలేదు, పంచాంగం తీసి లెక్క వేసుకున్నాక ఒళ్ళు జలదరించింది. 1871 ఆయన పోయిన ఏడాది. అంటే ఆ బొమ్మ ఆయన పోయాక, గోడకు పెట్టుకోవడానికి, ఆయన్ని ఎప్పుడూ చూడని మనిషి చేత గీయించి ఉంటారు.

అన్నిటికంటే ముఖ్యమైనది కాగితం వెనక ఉంది. తెలుగులో పెన్సిల్‌తో ఒక ముక్క, "కుడి చెవి పోగు సరిచేయవలెను" అని. తిప్పి చూస్తే కుడి చెవి దగ్గర కాగితం కొంచెం గరుకుగా ఉంది, ఒకసారి చెరిపి మళ్ళీ దిద్దారు. ఎడమ పోగు కంటే కుడి పోగులో రాళ్ళు స్పష్టంగా, ఒక్కొక్కటీ లెక్కపెట్టేట్టు ఉన్నాయి.

పెన్సిల్ ముక్క:

ఆ గరుకు చోటు క్లోజప్ ఫోటో పెట్టగలరా? మీరు చెప్పినదాన్ని బట్టి ఇంట్లోవాళ్ళు మొదటి బొమ్మ చూసి ఒప్పుకోలేదు, తిప్పి పంపారు. ముఖం గురించి ఏమీ రాయలేదు చూశారా. ముఖం వాళ్ళకు సరిగ్గానే అనిపించిందన్నమాట, ఆయన్ని రోజూ చూసినవాళ్ళకు. ఆ చూపు గురించి ముఖలక్షణం గారు పట్టుబట్టింది నేను కాదనలేను ఇప్పుడు.

పాత దస్తావేజు:

పుస్తకంలో ఆ పెన్సిల్ ముక్కను ఉన్నది ఉన్నట్టు అచ్చువేయండి, ఫోటోతో సహా. అహంకారి, దుబాసి, మాధ్వుడు, ఈ మూడు మాటలూ ఇంట్లోవాళ్ళు చెప్పుకునేవని రాసి, ఎవరు చెప్పారో కూడా రాయండి, తీసేయకండి. ఆ మాటలకూ వయసుంది. దుబాసి సంగతి నిజమో కాదో వర్తక సంస్థల పాత పట్టికల్లో వెతకచ్చు. అప్పట్లో ఏడాదికోసారి అచ్చయ్యే మద్రాసు డైరెక్టరీల్లో సంస్థల పేర్లూ పనివాళ్ళ పేర్లూ ఉండేవి. ఎగ్మోరులో కన్నెమరా లైబ్రరీలో అడిగి చూడండి.

తంగసాల మనవడు:

క్లోజప్ రేపు పగటి వెలుతురులో తీసి పెడతాను. కన్నెమరాకు శనివారం వెళ్తున్నాను, బాబాయి కూడా వస్తానన్నాడు.

రాయడం మరిచాను. ఫ్రేమ్ మళ్ళీ బిగించేముందు మేనత్త కళ్ళజోడు పెట్టుకుని ఆ కుడి పోగునే చాలాసేపు చూసింది. అహంకారి అన్న మాట మళ్ళీ ఎత్తలేదు. "ఈ మధ్యలో రాయి మా నాయనమ్మ ముక్కుపుడకలోది, కోడలికి ఇచ్చారని చెప్పేది" అంది. ఆ ముక్కుపుడక ఇప్పుడు మా అక్క దగ్గర ఉంది. రెండు ఫోటోలూ పక్కపక్కనే పెడతాను.